మెత్త లేని వైపు

"ఇది గదా, సొరకాయా?" అంటూ చిన్నబాబు చేతిలో ఉన్నదాన్ని స్టేజీ మీద విసిరేశాడు. అది నిజంగానే సొరకాయలా దొర్లుకుంటూ వెళ్ళి తెర అంచు దగ్గర ఆగింది.

మాస్టారు వెళ్ళి, వంగి తీసుకున్నారు. వెదురు బద్దలతో గూడు కట్టి, పైన కాగితం గుజ్జు పొరలు పొరలుగా అతికి, ఎండబెట్టి, బంగారు రంగు పూసిన గద అది. ఆ నాటక సంస్థలో కత్తులూ బాణాలూ గదలూ చేసేది ఆయనే. వాటితో ఎలా కొట్టుకోవాలో, ఎలా పడాలో నేర్పేదీ ఆయనే. గద తల ఒకపక్క సొట్టపోయింది. సొట్టను బొటనవేలితో తడుముతూ, "తేలిగ్గా ఉంటేనే నీ చెయ్యి నీ మాట వింటుంది బాబూ," అన్నారు.

"నిన్న చూశారుగా మాస్టారూ. బయటివాళ్ళను పిలిచి ఆడి చూపిస్తే ఏమైంది? నేను గద ఎత్తితే ఒక్కడూ కిమ్మనలేదు. వాడు కింద పడితే మాత్రం హాలంతా లేచి చప్పట్లు. గెలిచేది నేనా, వాడా?"

వాడంటే రాజా. అసలు పేరుతో ఎవరూ పిలవరు. పగలు వెల్డింగు షెడ్డులో పని. సాయంత్రాలు ఇక్కడ దుర్మార్గపు రాజు వేషం. అందుకని అందరికీ రాజా. చిన్నబాబు సంస్థ యజమాని కొడుకు. ఆఖరి యుద్ధంలో రాజు తొడ విరగ్గొట్టి గెలిచే మహాబలుడి వేషం అతనిది. ఇద్దరికీ గద పట్టుకోవడం నేర్పింది మాస్టారే.

స్టేజీ మూల కూర్చుని దెబ్బ తగలకుండా కుడి తొడకు దూది మెత్త కట్టుకుంటున్న రాజా తల ఎత్తకుండానే అన్నాడు. "గెలిచేది మీరే లెండి చిన్నబాబూ. చచ్చేవాడికి ఆ నాలుగు చప్పట్లయినా దక్కనివ్వండి."

తెర పక్కనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. బాణాలు గుచ్చిన చెక్క మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న ముసలి నటుడు అందరికంటే గట్టిగా నవ్వాడు. సేనాపతి తాత వేషం ఆయనది. బయట కూడా ఆయన అందరికీ తాతే.

"అయినా తాతా," అన్నాడు రాజా, మెత్త తాడు ముడి బిగిస్తూ, "ఈ కథలో నియమం ప్రకారం కొట్టినవాడు ఒక్కడున్నాడా? మీరు ఆయుధం దించాకే మిమ్మల్ని కొట్టారు. గురువుగారు కొడుకు పోయాడనుకుని కళ్ళు మూసుకుంటే తల నరికారు. ఒకాయన దిగబడిన రథచక్రం ఎత్తుకుంటుంటే కొట్టారు. నన్నేమో నడుం కింద."

"నువ్వేం తక్కువ తిన్నావురా? పసివాణ్ణి చుట్టుముట్టి చంపిన రోజు నువ్వక్కడ లేవూ?"

"ఉన్నాను. అందుకే నేను దుర్మార్గుణ్ణని ఒప్పుకుంటున్నాను. అటువైపు వాళ్ళు ఒప్పుకోరు. తేడా అంతే."

హాల్లో ముందు వరుసలో కూర్చున్న యజమాని, "ధర్మం చాలా సూక్ష్మమయ్యా," అన్నాడు.

"అవునవును," అన్నాడు తాత. "ఎవడికి అవసరం పడితే వాడి దగ్గర అది ఇంకాస్త సూక్ష్మమవుతుంది. నా వేషాన్నే చూడండి. ఆడపిల్లను సభలోకి ఈడ్చుకొచ్చిన రోజు నోట్లో నాలుక లేదు. బాణాల మీద పడుకున్నాక మాత్రం ధర్మం చెప్పడం మొదలుపెడితే, పోదామన్నా పోనివ్వడు."

మళ్ళీ నవ్వులు. చిన్నబాబు మాత్రం నవ్వలేదు. తండ్రి వైపు చూశాడు. యజమాని మాస్టారి వైపు చూశాడు.

"మా వాడు బరువు గద కావాలంటున్నాడు, చేసిపెట్టండి మాస్టారూ. లోపల ఒక్క ఇనుప ఊచ పెడితే ఏం పోతుంది?"

వద్దనాల్సిన మాస్టారు గదను చంకన పెట్టుకున్నారు. వెనకగదిలోకి వెళ్ళి గద పిడిని నిలువునా చీల్చి, ఇనుప ఊచను తల దాకా దింపి, గుడ్డ చుట్టి, జిగురు పెట్టి, తాడుతో బిగించి పట్టుకున్నారు. జిగురు ఆరేదాకా రెండు చేతులా అలాగే పట్టుకుని కూర్చున్నారు. చిన్నబాబు వచ్చి తీసుకుని గాల్లో తిప్పాడు. బరువు ఒక్కసారి భుజాన్ని లాగింది.

"ఇదీ గదంటే! ఇంకో మాట మాస్టారూ. ఆఖరి దెబ్బ ఎడమ నుంచి కొడతాను. కుడి నుంచయితే జనానికి నా వీపే కనపడుతుంది."

"వద్దు. మెత్త కుడి తొడకే ఉంది. ఎడమ వైపు ఏమీ లేదు. గద కూడా ఇప్పుడు మునపటిది కాదు. కుడివైపే, తొడకు జానెడు దూరంలో ఆపాలి. చప్పుడు సంగతి డప్పు చూసుకుంటుంది."

"సరే," అన్నాడు చిన్నబాబు.

దీపాలు మార్చారు. డప్పు మొదలైంది. ఇద్దరూ గుండ్రంగా తిరుగుతున్నారు. మాస్టారు స్టేజీ పక్కన నిలబడి, అలవాటు ప్రకారం ఇద్దరి అడుగులూ తన కాళ్ళతోనే వేస్తున్నారు. రాజా గద ఎత్తితే ఒళ్ళంతా దాని వెంట వెళుతుంది. దించితే ఊపిరి కూడా దిగుతుంది. చిన్నబాబు గద ఒకచోట ఉంటే మనిషి ఇంకోచోట ఉంటాడు. అయినా నేర్పింది నేర్పినట్టు చేస్తున్నాడు. రెండు గదలూ పైన తగిలాయి. విడిపోయాయి. రాజా కుడి తొడ ముందుకు పెట్టి, దెబ్బ కోసం ఒళ్ళు వదులు చేశాడు.

చిన్నబాబు భుజం ఎడమకు తిరగడం మాస్టారికి కనిపించింది.

"బాబూ!" అని అరిచారు. ఆ అరుపు డప్పులో కలిసిపోయింది.

గద తగిలింది. ఆ తర్వాత రాజా అడుగు తప్పింది. మడమ జారి, మోకాలు పక్కకు మడిచినట్టయి పడిపోయాడు. పడటంలో మాత్రం ఎక్కడా తప్పు చేయలేదు. తల నేలకు తగలకుండా, చేతులు చాపి, నేర్చుకున్నట్టే పడ్డాడు. తెర పక్క నుంచి ఎవరో శభాష్ అంటూ చప్పట్లు కూడా కొట్టారు. డప్పులవాడు ముక్తాయింపు పూర్తిచేశాడు. అప్పుడు వినిపించింది రాజా గొంతు. నాటకంలో ఆ చోట అతనికి పద్యం ఉంది. అతను పద్యం పాడటం లేదు.

ఆంబులెన్సు వెళ్ళాక చిన్నబాబు మెట్ల మీద కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు. మాస్టారు అతని ముందు నిలబడ్డారు.

"పాత్రలో మునిగిపోయాను మాస్టారూ," అన్నాడు చిన్నబాబు. మళ్ళీ, "కథలో కూడా నియమం తప్పే కొట్టాడు కదా. దాన్ని తప్పని ఎవరన్నారు?" అన్నాడు.

కొట్టడానికి మాస్టారి చెయ్యి లేచింది. లేచిన చేత్తో తల తుడుచుకున్నారు.

*

మెత్తలు కుట్టేది మాస్టారి భార్య. పాత దుప్పట్లు కత్తిరించి, మధ్య దూది నింపి, అడ్డంగా నిలువుగా గళ్ళు గళ్ళుగా కుట్టేస్తుంది. ఎన్ని నాటకాలు ఆడినా ఆమె మెత్త కట్టుకున్నవాడికి ఒంటి మీద కమిలిన మచ్చ పడలేదని పేరు.

"మెత్త కట్టుకున్నాడా?" అని అడిగింది, విషయం వినగానే.

"కట్టుకున్నాడు."

"మరి ఎలా విరిగింది?"

మాస్టారు కొళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంటున్నారు. వేళ్ళ సందుల్లో బంగారు రంగు వదలడం లేదు.

"అడుగు తప్పాడు," అన్నారు.

ఆమె లోపలికి వెళ్ళి మిగిలిన మెత్తలన్నీ తెచ్చి ముందేసుకుని, కత్తెరతో ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. దూది ఉండలు కట్టిందేమోనని వేళ్ళతో విడదీసి చూస్తోంది. "మొన్న వానకి చెమ్మెక్కి ఉంటుంది. ఎండబెట్టాలనుకుంటూనే ఉన్నాను. నా బద్ధకం ఆ పిల్లాడి కాలు తీసింది," అంది తనలో తను అనుకుంటున్నట్టు.

మాస్టారు తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఒక్క మాట చెబితే ఆమె చేతులు ఆగేవి. ఆ ఒక్క మాట చెబితే ఇంకో మాట అడుగుతుంది. గదలో ఊచ దాకా అడుగుతుంది. ఆయన వెళ్ళి పడుకున్నారు.

పొద్దున్నే యజమాని కబురు పెట్టాడు. గదిలో ఫ్యాను తిరుగుతున్నా కిటికీలు మూసి ఉన్నాయి. ఆయన లేచి వచ్చి మాస్టారి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. అంత మర్యాద ఎప్పుడూ లేదు.

"ప్రమాదం ఎలా జరిగిందో చూడటానికి తనిఖీ అధికారి వస్తోంది. ఆవిడ సరేనంటేనే ఎల్లుండి తెర లేస్తుంది. మిమ్మల్ని అడుగుతుంది. మీ మాటకి విలువ ఉంది మాస్టారూ. మాస్టారు అబద్ధం చెప్పరని ఊరందరికీ తెలుసు."

"అబద్ధం చెప్పలేను."

"చెప్పమని నేనెందుకంటాను? కాలు జారిందా, లేదా?"

"జారింది. కానీ..."

"ఆ కానీ దగ్గర ఆగిపోండి." యజమాని గొంతు మెత్తగానే ఉంది. "ఆ కానీ వెంట నడుచుకుంటూ వెళితే అది తిన్నగా గద దగ్గరికి వెళుతుంది. గద లోపలికి వెళుతుంది. ఊచ పెట్టిన చెయ్యి ఎవరిదని అడుగుతారు. మా వాడికేముంది, కుర్రతనం అంటారు. ఈ వయసులో మిమ్మల్నేమంటారు?"

మాస్టారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఊచ పెట్టమన్నది మీరే కదా అనాలి. "కొంచెం మంచినీళ్ళు," అన్నారు.

తనిఖీ అధికారి మధ్యవయసు మనిషి. చెప్పుల చప్పుడు కూడా కొలిచినట్టుగా నడుస్తోంది. స్టేజీ అంతా కలియతిరిగి, మెట్లు చూసి, దీపాల తీగలు చూసి, అందరినీ ముందు వరుసల్లో కూర్చోమంది.

"వీళ్ళకి అడుగులు నేర్పి, దగ్గరుండి చూసింది ఎవరు?"

అందరూ మాస్టారిని చూశారు. ఆయన లేచారు.

"అతను అడుగు తప్పాడా?"

డప్పులవాడు తన చేతివేళ్ళు చూసుకుంటున్నాడు. తాత ఒళ్ళో పెట్టుకున్న పెట్టుడు గడ్డానికి చిక్కు తీస్తున్నాడు. చిన్నబాబు కళ్ళు ఎర్రగా ఉన్నాయి; రాత్రంతా ఏడ్చినట్టున్నాడు.

"తప్పాడు," అన్నారు మాస్టారు.

ఇంకేమైనా అడుగుతుందేమోనని నిలబడే ఉన్నారు. అడిగితే చెప్పేద్దామనే అనుకున్నారు. ఆమె తల ఊపింది.

"ఆసుపత్రిలో అతనూ అదే చెప్పాడు. తన పొరపాటేనట. స్టేజీ మీద జారకుండా చాప వేయించండి. నాటకం ఆడుకోండి."

మాస్టారు మెల్లగా కూర్చున్నారు. రాజా ఎందుకలా చెప్పాడు? నొప్పికిచ్చిన మందు మత్తులో అన్నాడేమో. ఏమైతేనేం, ఇద్దరి మాటా ఒకటే అయింది. ఆ తేలికదనం ఒళ్ళంతా పాకుతుంటే ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అది తేలికదనమే.

బయటకు వస్తుంటే తాత పక్కన నడుస్తూ నెమ్మదిగా అన్నాడు. "మంచి పని చేశావయ్యా. కర్ర విరగలేదు, పాము చచ్చింది."

"పామెవరు తాతా?"

తాత నడక వేగం పెంచాడు.

*

మర్నాడు మాస్టారు రాజా స్థానంలో తెచ్చిన కొత్త మనిషికి అడుగులు నేర్పి ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. చెప్పులు ఇంకా విప్పలేదు. విప్పిన మెత్తల దూది అంతా మూట కట్టి గోడ పక్కన పెట్టి ఉంది.

"ఆసుపత్రికి వెళ్ళొచ్చాను. నా మెత్త వల్ల ఇలా అయింది, క్షమించు నాయనా అందామని వెళ్ళాను."

మాస్టారు చేతిలో సంచి కింద పెట్టారు.

"మెత్త ఏ తొడకి కట్టుకున్నాడు?" అని అడిగింది.

"కుడి."

"విరిగింది?"

ఆయన గోడ వైపు చూశారు.

"నోటితో చెప్పండి. నాకు చెప్పడానికి ఏ అధికారీ రానక్కర్లేదు."

"ఎడమ."

"ఎడమ," అంది ఆమె. "దుప్పటి పక్కకి జరిగితే కనపడింది. ఊచలేసి కట్టేశారు. కుడి తొడ మీద ఈగ వాలిన మచ్చ కూడా లేదు. నిన్నంతా, మొన్న రాత్రంతా నేను దూది పీక్కుంటూ కూర్చుంటే మీరు చూస్తూ ఊరుకున్నారు."

"నీకు చెబితే..."

"ఏమవుతుంది? నేనేమైనా మిమ్మల్ని కొడతానా?"

ఆమె గుమ్మం మీదే కూర్చుండిపోయింది. చెప్పు పట్టీ విప్పబోయి వదిలేసింది.

"వాడి అక్కతో మాట్లాడాను. వార్డు బయట బల్ల మీద రెండు రాత్రులుగా అక్కడే ఉంది పిచ్చిపిల్ల. ఆపరేషను మత్తు దిగీదిగగానే మీ యజమాని వచ్చాడట. వచ్చి ఏమన్నాడో తెలుసా? దెబ్బ తగిలిందని చెప్పుకో, నాకేం అభ్యంతరం లేదు. కానీ గదలో ఇనుము పెట్టింది మాస్టారు, చెబితే పోలీసులు ముందు ఆయన్నే తీసుకెళతారు అన్నాడట. రాజా పైకప్పు చూస్తూ పడుకున్నాడట. తర్వాత, నేనే అడుగు తప్పానని చెబుతాను, ఆయన జోలికి పోకండి అన్నాడట. తప్పు ఎవరిదిరా అని అక్క ఎంతడిగినా ఇప్పటికీ నాదే అంటున్నాడట."

మాస్టారు సంచి పక్కనే నేల మీద కూర్చున్నారు.

"మీరేం చెప్పారు ఆ తనిఖీ అధికారికి?"

"అడుగు తప్పాడన్నాను."

"అది నిజమేనా?"

"నిజమే. దెబ్బ తగిలాక తప్పాడు."

"ఆ ఆఖరి ముక్క పైకి అన్నారా, లోపల అనుకున్నారా?"

మాస్టారు సంచి తాడు ముడి విప్పి, మళ్ళీ వేశారు.

"మీ నాటకంలో ఆ పెద్దన్న కూడా ఇంతే. గురువుకి కొడుకు పోయాడని వినపడేలా అని, పోయింది ఏనుగని గొణిగాడు. ఇంటికెళ్ళి పెళ్ళాంతో, నేను నిజమే చెప్పానే అనే ఉంటాడు." ఆమెకు కోపం తగ్గి, గొంతు అలసిపోయినట్టయింది. "తిలాపాపం తలా పిడికెడు. యజమానిది ఒకటి, కొడుకుది ఒకటి, నోరు కుట్టుకున్నవాళ్ళది ఒకటి. మీ పిడికిలే కాస్త పెద్దది."

ఆమె దూది మూట విప్పి, ఎండలో పరిచి, మళ్ళీ కుట్టడానికి సూదిలో దారం ఎక్కించుకుంది.

*

తెర లేవాల్సిన రోజు పొద్దున మాస్టారు హాలుకు వెళ్ళలేదు. తనిఖీ కార్యాలయానికి వెళ్ళి బయట బెంచీ మీద కూర్చున్నారు. అధికారి వచ్చి, ఆయన్ను గుర్తుపట్టి, లోపలికి రమ్మంది.

"మొన్న నేను చెప్పింది నిజమే," అన్నారు మాస్టారు. "కానీ అది రెండో సంగతి. మొదటిది చెప్పలేదు."

ఆమె చేతిలో పనిని పక్కన పెట్టింది.

ఆయన చెప్పారు. చిన్నబాబు ఎడమ నుంచి కొడతాననడం, తను వద్దనడం, అయినా కొట్టడం, ఆ తర్వాతే కాలు జారడం. చెబుతుంటే చేతులు వాటంతటవే లేచి ఆ దెబ్బను గాల్లో చూపించాయి. ఆమె కళ్ళు ఆ చేతుల్నే చూస్తున్నాయి.

"కాగితం గుజ్జు గద తగిలితే తొడ ఎముక విరుగుతుందా?"

"లోపల ఇనుప ఊచ ఉంది."

"ఎవరు పెట్టారు?"

"నేను," అన్నారు మాస్టారు. "పెట్టమన్నది యజమాని. పెట్టింది మాత్రం నేనే. నా చేతుల్తోనే."

"మొన్నే ఎందుకు చెప్పలేదు?"

"మీరడగలేదని చెప్పొచ్చు. అది కూడా సగం నిజమే."

ఆమె ముఖంలో జాలి లేదు. కోపం ఉంది. తను అనుమతి ఇచ్చిన నాటకం అది. "మీ మీద కూడా కేసు అవుతుంది. తెలుసా?"

"తెలుసు."

"తెలిసే వచ్చారా?" అని ఇంకోసారి అడిగింది. ఆయన తల ఊపాక, ఫోను తీసింది.

మధ్యాహ్నానికి హాలు తలుపులకు తాళం పడింది. చిన్నబాబునీ యజమానినీ పిలిపించుకుని తీసుకెళ్ళారు. మాస్టారిని సాయంత్రం దాకా కూర్చోబెట్టి, అడిగిందే మళ్ళీ అడిగి, ఊరు వదిలి వెళ్ళొద్దని, ఇకమీదట ఏ స్టేజీకీ ఆయుధం చేయొద్దని చెప్పి పంపించారు. గదను ఒక గోనెసంచిలో వేసి తీసుకెళ్ళారు.

హాలు ముందు నుంచే ఇంటికి దారి. మెట్ల మీద నటులు గుంపులుగా కూర్చుని ఉన్నారు. వేషాల పెట్టెలు బయటే ఉన్నాయి. మాస్టారిని చూసి అందరూ మాటలు ఆపేశారు. కొత్తగా రాజు వేషం దొరికిన మనిషి లేచి, ఉమ్మేసి, అవతలికి వెళ్ళిపోయాడు.

తాత మాత్రం దగ్గరికొచ్చాడు.

"మనసు చల్లబడిందా?" అన్నాడు. "ఇంతమంది నోటి దగ్గర కూడు తీసేశావు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? తొక్కినవాడివి తొక్కినట్టు ఊరుకోవచ్చుగా."

"మీరూ చూశారు తాతా ఆ దెబ్బ. మీ మంచం ఎదురుగానే పడింది."

తాత కళ్ళు చిట్లించాడు. గడ్డం లేని ముఖంలో చెంపలు వేలాడుతున్నాయి. "చూశాను. ఆవిడ నన్నడిగితే చెప్పేవాణ్ణి."

"నేనూ అదే అనుకుంటూ నిలబడ్డాను," అన్నారు మాస్టారు.

*

ఆసుపత్రిలో రాజా మంచం కిటికీ పక్కన. తల కింద రెండు దిండ్లు. కాలు కదలకుండా ఇరువైపులా ఇసుక సంచులు పెట్టారు. మాస్టారి భార్య ముందే వచ్చి, అక్కను కాస్త నడుం వాల్చమని ఇంటికి పంపేసింది. మాస్టారు వచ్చేసరికి ఆమె రాజాకు మంచినీళ్ళు తాగిస్తోంది. భర్తను చూసి గ్లాసు పక్కన పెట్టి బయటకు వెళ్ళింది.

మాస్టారు మంచం పక్కన నిలబడ్డారు. స్టూలు ఉంది. కూర్చోలేదు.

"పొద్దున అధికారి దగ్గరికి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు చెప్పేశాను."

"విన్నాను," అన్నాడు రాజా. "మళ్ళీ వచ్చింది ఆవిడ. ముందు ఎందుకు అబద్ధం చెప్పావని నన్ను గద్దించి వెళ్ళింది."

"నీ మీద మచ్చ పోయింది రాజా. అడుగు తప్పేవాడని ఇక ఎవరూ అనరు. అదొక్కటైనా..."

"నేనడిగానా?"

గొంతు పెద్దది కాదు. అయినా పక్క మంచం మీది రోగి తల తిప్పి చూశాడు.

"నేనడిగానా మాస్టారూ, నా మచ్చ తుడవమని? ఒక్కసారి వచ్చి, ఒరే, ఇలా చెప్పబోతున్నాను అని నాతో అన్నారా?"

"లేదు."

"షెడ్డులో నా పనేంటి? ఎవరో గీసిన గీత మీద కాల్చుకుంటూ పోవడం. ఇక్కడ నా వేషమేంటి? ఎవరో రాసిపెట్టిన చావు చావడం. నా అంతట నేను, నా బుద్ధితో చేసిన పని పుట్టాక ఒక్కటే ఉంది. మిమ్మల్ని తప్పించడం. ఇంత నొప్పిలోనూ రాత్రిళ్ళు అది తల్చుకుంటే నిద్ర పట్టేది. దాన్ని కూడా మీరు తీసేసుకున్నారు. నా మాట అబద్ధమైంది, మీకు కేసు తప్పలేదు. ఇక నేను చేసిందానికి అర్థమేంటి?"

మాస్టారు మంచినీళ్ళ గ్లాసు అందుకుని, మళ్ళీ అక్కడే పెట్టారు.

"ఆ కథలోవాళ్ళందరూ ఇంతే," అన్నాడు రాజా, కిటికీ వైపు తిరిగి. "ఒకడికి తన శపథం ముఖ్యం. ఒకడికి తన సత్యం. ఒకడికి వీరుడన్న పేరు. పక్కవాడు ఏ గంగలో కలిసినా వాళ్ళ ధర్మం మాత్రం నలగకూడదు. మీరు అలాంటివారు కాదనుకున్నాను."

"భయపడి సగం చెప్పాను," అన్నారు మాస్టారు. "ఆ సగం మొయ్యలేక మిగతాదీ చెప్పాను. నిన్నడగాల్సింది."

"అడిగితే వద్దనేవాణ్ణి."

"అందుకే అడగలేదేమో."

రాజా ఆయన వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో క్షమించడం లేదు. కొట్టేవాడు గద దించాక నిలబడినట్టు, అలసట మాత్రం ఉంది.

వార్డులో దీపాలు వేశారు. పక్క మంచం రోగికి ఎవరో దుప్పటి కప్పి వెళ్ళారు. మాస్టారు వెళ్ళిపోవాలో ఉండాలో తెలియక మంచం ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఇసుక సంచి ఒకటి జారితే సరిచేశారు. రాజా పళ్ళు బిగించాడు.

కొంతసేపయ్యాక రాజా గొంతు సవరించుకున్నాడు.

"బాత్రూముకి వెళ్ళాలి. అక్క ఉన్నా నన్ను ఎత్తలేకపోయేది. ఇవాళ నుంచి లేపి నిలబెట్టొచ్చన్నారు, ఎడమ కాలు నేలకి ఆనకూడదంతే."

మాస్టారు ఇసుక సంచులు తీసి, ఒక చెయ్యి వీపు కిందా ఒక చెయ్యి మోకాళ్ళ కిందా పెట్టి, మంచం అంచుకు జరిపారు. రాజా ఆయన మెడ చుట్టూ చెయ్యి వేశాడు. లేవగానే నొప్పికి మొత్తం ఒళ్ళు వదిలేశాడు. ఆ బరువంతా ఒక్కసారిగా ముసలి భుజాల మీద పడింది. ఆయన గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుని, మళ్ళీ కదిలారు. ఒకరి చెమట వాసన ఒకరికి తగులుతూ, మంచాల మధ్య నుంచి మెల్లగా వెళ్ళారు. దారిలో ఎవరో స్టూలు పక్కకు లాగి చోటిచ్చారు.

బాత్రూము తలుపు ఇరుకు. ఇద్దరు పట్టరు. లోపల గోడకు పట్టుకోవడానికి ఇనుప కడ్డీ ఉంది.

"ఇక్కడ వదిలేయండి. కడ్డీ పట్టుకుంటాను," అన్నాడు రాజా.

"జాగ్రత్త."

తలుపు దగ్గరగా పడింది. మాస్టారు బయట నిలబడ్డారు. వార్డు చివర భార్య గోడకు ఆనుకుని ఇటే చూస్తోంది, దగ్గరికి రాలేదు. లోపల నీళ్ళ చప్పుడు వచ్చి ఆగిపోయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. తలుపు తట్టడానికి మాస్టారు చెయ్యి ఎత్తి, తట్టకుండానే దించారు. ఆయాసంతో ఆయన ఛాతీ ఎగిరిపడుతోంది.

చాలాసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఉన్నారా?"

"ఉన్నాను," అన్నారు మాస్టారు.